యమలోక కథాచిత్రములు - ప్రజాదరణము, విమర్శ

తెలుగున 'ఆడు' ధాతువునకు గల అర్థములలో ఒకదానిని నిఘంటుకారు లింకను సరిగ గుర్తింపలేదని తోచుచున్నది. "నాటకము నాడిరి" అన్నచో ప్రదర్శించిరని యర్థము. "చిత్రము ఆడినది" అన్నచో ప్రదర్శింపబడినదని మాత్రమే కాదు, గెలిచినదని యర్థము. ఆడని చిత్రమనగా ఏ ప్రదర్శనశాలలోను వేయని చిత్రము కాదు. వేసినను జనులు రాని చిత్రము. ఇచట క్రియకు కర్త నటుడు కాడు, చిత్రమే. ఆ చిత్రమును ఆడించువాడు ప్రేక్షకుడు. ఈ చిన్న ప్రయోగములో మన జనసామాన్యమునకు గల ఒక విమర్శసూత్ర మిమిడియున్నది. కృతి తనంతట తాను సిద్ధించునది కాదు, గ్రహీత వలన సిద్ధించునది అను నంశమును పాశ్చాత్య విమర్శకులు పెద్ద గ్రంథములలో ప్రతిపాదించిరి. మనవారు దానిని టిక్కెట్టు కిటికీ యొద్ద ఒక్క క్రియాపదముతో తేల్చివేసిరి.

ఈ వ్యాసమున పరిశీలింపదలచినది 1977లో వెలువడిన 'యమగోల' యను చిత్రము పొందిన ఆదరణమును, పొందని విమర్శను. ఈ చిత్రము ఆడినది. మిక్కిలిగ ఆడినది. అది ఏల ఆడినదో వర్తకులు ఒక విధముగ గ్రహించిరి. విమర్శకులు గ్రహింప యత్నింపనే లేదు. వర్తకులు గ్రహించిన తీరు తప్పని నా యభిప్రాయము. ఆ తప్పు యొక్క ఫలితము తరువాతి నలువది సంవత్సరముల యమలోక చిత్రములలో కనబడుచున్నది.

ముందుగ కథ వచ్చిన త్రోవను చెప్పవలెను. 'నీలదర్పణ' నాటకకర్త యగు దీనబంధు మిత్రుని పేరితో ముడిపడియున్న ఒక హాస్యకథ వంగదేశమున కలదు. ప్రాణముతో నున్న మనుజుడొకడు యమాలయమున ప్రవేశించుట దానికి మూలము. 1958లో ఆ కథ 'యమాలయే జీవంత మానుష్' అను వంగచిత్రమైనది. భాను బంద్యోపాధ్యాయు డందు నాయకుడు. రెండు సంవత్సరములకు, అనగా 1960లో, సి. పుల్లయ్యగారి దర్శకత్వమున ఎన్.టి. రామారావుగారు నాయకుడుగ 'దేవాంతకుడు' తెలుగున వచ్చెను. (1984లో ఇదే పేరుతో వచ్చిన చిత్రమునకును దీనికిని సంబంధము లేదు.) పదునేడు సంవత్సరముల పిమ్మట అదే నటుడు, అదే బీజము, వేఱొక కాలము: తాతినేని రామారావుగారి దర్శకత్వమున, డి.వి. నరసరాజుగారి సంభాషణలతో 'యమగోల' వెలువడినది. కైకాల సత్యనారాయణగారు యముడు, అల్లు రామలింగయ్యగారు చిత్రగుప్తుడు, జయప్రద నాయిక, రావు గోపాలరావుగారు ప్రతినాయకుడు.

కథ చదువరులెఱిగినదే. గ్రామములో పెత్తనము చేయు రుద్రయ్య యన్యాయముల నెదిరించిన సత్యము అను యువకుడు చంపబడి యమలోకము చేరును. అచట పాపపుణ్యముల లెక్క చెప్పవలసినవాడు లెక్క యడుగుటకు పూనుకొనును. కింకరులకు సంఘము కట్టుట నేర్పును. ధర్మాసనమును కదలించును. తుదకు భూలోకమునకు తిరిగివచ్చును. యమచిత్రగుప్తులు కూడ భూమికి దిగి మనుష్యుల చేత పడరాని పాట్లు పడుదురు.

ఇక ఆదరణమును కొలుచుట యెట్లు? మన చిత్రపరిశ్రమలో విజయమునకు బాహ్యచిహ్నములు నూఱు దినముల ఉత్సవము, ఇరువదియైదు వారముల రజతోత్సవము. ఈ చిహ్నములను పరిశోధకుడు మిక్కిలి జాగ్రత్తతో వాడుకొనవలెను. ఒక శాలనుండి మఱియొక శాలకు చిత్రమును మార్చుచు దినములను కలుపుకొని "షిఫ్టు మీద నూఱు రోజులు" అని ప్రకటించుట పరిపాటి. అభిమానసంఘములవారు తమ నటుని గౌరవమునకై ఒక శాలలో చిత్రమును నిలువబెట్టుటయు కలదు. వసూళ్ల ప్రకటనలు పంపిణీదారులు తమ ప్రయోజనమునకై వ్రాసినవి. కావ్యముల పీఠికలలో కవి తన కృతిభర్త సంపదను వర్ణించిన వాక్యములను చరిత్రకారుడు ఎంతవఱకు నమ్మునో వీనిని అంతవఱకే నమ్మవలెను.

అంతకంటె దృఢమైన ప్రమాణ మొకటి కలదు. అది అనుకరణము. ఒక చిత్రమును పరభాషవాడు హక్కులు కొని, తన ధనమును ఒడ్డి, తిరిగి తీయుటకు సాహసించినచో అది పొగడ్త కాదు, పందెము. 'యమగోల' 1979లో 'లోక్ పర్లోక్' అను పేర హిందీలోనికి పోయినది. తాతినేని రామారావుగారే దర్శకులు, జితేంద్ర నాయకుడు, జయప్రదయే నాయిక. 1980లో 'యమనుక్కు యమన్' అను పేర తమిళములోనికి పోయినది. శివాజీ గణేశన్ అందు నటించెను. మూడు సంవత్సరములలో రెండు పందెములు. ఇక స్వభాషలో ఆ పేరునకు గల వెలను చూడుడు. 1988లో 'యముడికి మొగుడు', 1994లో 'యమలీల', 2007లో 'యమదొంగ', అదే సంవత్సరమున 'యమగోల మళ్లీ మొదలైంది'. 'యమ' అను రెండక్షరములను పేరు ముందు చేర్చుకొనుట శుభశకునమని భావించిన పరిశ్రమ ప్రపంచమున మఱియొకటి యున్నదో లేదో! సామాన్యముగ మన యిండ్లలో ఉదయముననే పలుకుటకు వెనుదీయు పేరిది.

విమర్శ విషయమునకు వత్తము. తెలుగు చిత్రములను మనవారు చిరకాలముగ మూడు తెగలుగ విభజించుచున్నారు: పౌరాణికము, జానపదము, సాంఘికము. 'యమగోల' ఈ మూటిలో దేనికిని చెందదు. యముడున్నాడు గనుక పౌరాణిక మందమన్న, పురాణకథ లేదు. అద్భుతములున్నవి గనుక జానపద మందమన్న, రాకుమారుడును మాంత్రికుడును లేరు. గ్రామములోని పెత్తందారు, కూలి, ప్రేమ, ద్వేషము ఉన్నవి గనుక సాంఘిక మందమన్న, సగము కథ నరకములో జరుగుచున్నది. పరిశ్రమ దీనికి 'సోషియో ఫాంటసీ' అని ఒక మిశ్రనామమును కల్పించి తన పని గడుపుకొన్నది. విమర్శకునకు మాత్రము పెట్టె దొరకలేదు. పెట్టె దొరకని వస్తువును బయట పాఱవేయుట మన గ్రంథాలయములలో కూడ జరుగుచునే యున్నది. "వినోదప్రధానము", "కాలక్షేపమునకు పనికివచ్చునది" అను రెండు ముద్రలతో ఇట్టి చిత్రములు సమీక్షల నుండి తప్పించుకొని పోవుచుండును; పరిశోధనవ్యాసముల వఱకు రానే రావు. మన విభాగములలో 'మాయాబజారు'ను గూర్చి మాటలాడుట కిప్పుడు ఎవరును సంకోచింపరు. 'యమగోల'ను గూర్చి మాటలాడుటకు ఇంకను కొంత సిగ్గు కలదు.

తీవ్రముగ ఆలోచించిన కొందఱిలో రెండు ఆక్షేపణలు వినవచ్చుచుండును. ధర్మదేవతను హాస్యాస్పదునిగ చేయుట సంప్రదాయవిరుద్ధ మనునది ఒకటి. లోకములోని అన్యాయమునకు లోకములో కాక పరలోకములో పరిష్కారము చూపుట పలాయన మనునది రెండవది. మొదటిది సంప్రదాయము నెఱుగనివారి మాట. రెండవదానికి సమాధానము మొదటిదాని సమాధానములోనే కలదు. కనుక దానిపై కొంత విస్తరించి వ్రాయుదును.

యముని ధర్మాసనము ఎదుట మానవుడు నిలిచి వాదించుట మన సాహిత్యమున నిన్న మొన్న వచ్చినది కాదు. కఠోపనిషత్తులో నచికేతుడు యముని యింట మూడు రాత్రులు నిరాహారుడై కూర్చుండి, ఆతని చేతనే అతిథిదోషమును ఒప్పించుకొని, మూడు వరములు పుచ్చుకొనెను. భారతారణ్యపర్వశేషమున ఎఱ్ఱన తీర్చిన సావిత్రి మాటకు మాట పేర్చి యముని చేత భర్తృప్రాణములను తిరిగి యిప్పించుకొన్నది. 'యమగోల' నాయికానాయకుల పేర్లు సావిత్రి, సత్యము అగుట యాదృచ్ఛికము కాదు. సావిత్రీసత్యవంతుల కథను తలక్రిందు చేసి, వాదించు భారమును మృతుని పైననే పెట్టుట నరసరాజుగారి చమత్కారము.

ఇంతకంటె ముఖ్యమైనది ఆదిపర్వములోని అణిమాండవ్యుని కథ. చేయని దొంగతనమునకు శూలారోపణము పొందిన ఆ ముని యముని సభకు పోయి, "నేను చేసిన పాపమేమి?" అని నిలదీసెను. బాల్యములో తూనీగలను పుల్లతో గ్రుచ్చితివని యముడు బదులు చెప్పెను. అల్పదోషమునకు ఘోరదండనము విధించితివని మాండవ్యుడు కోపించి, యముని మనుష్యయోనియందు జన్మింపుమని శపించెను. ఆ శాపఫలమే విదురుడు. అంతటితో ఆగక, పదునాలుగేండ్ల లోపు బాలురకు పాపము లేదని ముని ఒక మర్యాదను ఏర్పఱచెను. గమనింపుడు: మానవుడు తీర్పును ప్రశ్నించుచున్నాడు, న్యాయాధిపతి తప్పు నిరూపితమగుచున్నది, న్యాయాధిపతికి శిక్ష భూలోకవాసము, దాని ఫలితముగ చట్టము మాఱుచున్నది. 'యమగోల' కథాశరీరమంతయు ఇందున్నది. వంగకథ దీనికి ప్రేరణము కావచ్చును. కాని తెలుగు ప్రేక్షకుడు దీనిని పరాయి సరుకుగ చూడకపోవుటకు కారణము మన యిండ్లలో భారతము చదువబడుట.

భక్తికావ్యములలో ఈ వివాద మింకను విస్తరించినది. ఆంధ్రమహాభాగవత షష్ఠస్కంధమును ఏర్చూరి సింగన రచించెను (దీనిని పోతన ఖాతాలో వ్రాయుట మన విద్యార్థులలో ఇంకను పోలేదు). అందలి అజామిళోపాఖ్యానములో యమభటులను విష్ణుదూతలు అడ్డగింతురు. రెండు పక్షములకు ధర్మముపై వాదము జరుగును. ఓడిన భటులు తిరిగివచ్చి తమ ప్రభువునే ప్రశ్నింతురు: లోకమునకు శాస్తలు ఎందఱు? ఒకరికంటె ఎక్కువమంది యున్నచో మీ యాజ్ఞకు విలువ యేమి? ఇది సేవకులు యజమానిని అడిగిన ప్రశ్న. యముడు వారిని దండింపలేదు. ఓపికతో సమాధానము చెప్పెను. యమలోకములో కింకరుల సమ్మె చూచి ఎవరైన ఉలికిపడినచో వారికి ఈ ఘట్టమును చూపవలెను. శ్రీనాథుని శివరాత్రిమాహాత్మ్యమున సుకుమారుని జీవునికై యమభటులకును శివభటులకును, తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యమున నిగమశర్మకై యమదూతలకును విష్ణుదూతలకును కలిగిన కలహములు ఈ కోవలోనివే. నిగమశర్మోపాఖ్యానమును మన విద్యార్థులు అక్క మాటల రుచికై చదివి, తుదిభాగమును విడిచిపెట్టుచున్నారు. యముని దస్త్రము తాఱుమాఱగుట చదివి నవ్విన శ్రోతలు ఆ కాలములో లేరనుకొనుట పొరపాటు. భక్తికవి యముని ఓటమిని పైయధికారము పేర సాధించెను. సినిమాకవి పైయధికారము నపేక్షింపక మానవుని వాదబలముతోనే సాధించెను. భేద మంతియే, కాని అది చిన్న భేదము కాదు.

పలాయనవాదము ఇచట తేలిపోవుచున్నది. నరకము మన కథలలో తప్పించుకొని పోవు స్థలము కాదు, వ్యాజ్యము నడచు స్థలము. గ్రామములో పంచాయతీ పెత్తందారు ఎదుట నోరు మెదపలేని వాడు ఆ మాటలనే యముని యెదుట పలుకును. వినువారికి ఆ మాటలు ఎవరికి తగులవలెనో తెలియును. 1954లో 'పెద్దమనుషులు' చిత్రమునకు సంభాషణలు వ్రాసి పురపాలకసంఘపు పెద్దల మర్యాదను విప్పి చూపిన నరసరాజుగారికి ఈ పని క్రొత్తది కాదు.

రసదృష్టితో చూచినను విషయము గంభీరమైనదే. భరతుడు నాట్యశాస్త్రము ఆఱవ అధ్యాయములో ఒక్కొక్క రసమునకు ఒక్కొక్క అధిదేవతను చెప్పెను. హాస్యమునకు ప్రమథులు, భయానకమునకు కాలుడు. యముని మాత్రము కరుణమునకు దేవతగ నిలిపెను. ఏడ్పునకు అధిపతి యైనవానిని నవ్వునకు ఆలంబనముగ చేయుట కేవలము వేషవికృతి వలన సాధ్యము కాదు. అనౌచిత్యము హాస్యమునకు హేతువని అభినవగుప్తు డనెను. ఇచట అనౌచిత్యము యముని కిరీటములో లేదు, గదలో లేదు. తప్పు చేయరాని స్థానమున నున్నవాడు తప్పు చేసి దొరకిపోవుటలో నున్నది. సమవర్తి యని పేరుగలవాని త్రాసు వంకరగ నుండుట నవ్వు పుట్టించుచున్నది. ఆ నవ్వునకు క్రింద మరణభీతి యున్నది గనుక ఆ నవ్వు బరువైనది. నేలమీద కూర్చుండి చూచినవానికి ఇంటిలో అకాలమున పోయినవా రెవరో ఒకరుందురు. వారి విషయములో జరిగినది న్యాయమా యని ఎవరిని అడుగవలెను?

భాషావిషయమున ఈ చిత్రము మన విభాగమువారికి ప్రత్యేకముగ ఆసక్తి కలిగింపవలసినది. యముడు గ్రాంథికము మాటలాడును. సత్యము వ్యావహారికము మాటలాడును. సత్యనారాయణగారి నోట 'యముండ' యను రూపము లోకప్రసిద్ధ మైనది. నామమునకు ఉత్తమపురుషైకవచనమున వచ్చు ఈ 'ండ' రూపము కావ్యములలో సర్వసాధారణము. వ్యవహారములో ఏనాడో లోపించినది. వ్యాకరణము పేరైన విననివాడు సయితము ఈ ఒక్క ప్రత్యయమును సరిగ వాడి తన మిత్రులను నవ్వించుచున్నాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఎన్ని ఉపన్యాసములతో చెప్పిన సంగతిని, అనగా గ్రాంథికము అధికారపు భాష యైనదని, ఈ చిత్రము ఒక దృశ్యముతో చెప్పినది. ప్రేక్షకుడు నవ్వినది పద్యనాటకపు భాషను చూచి కాదు. పద్యనాటకములను అతడు ప్రేమించెను. ఆ భాషలో ఆజ్ఞ యిచ్చువాడు ఇంటిభాషలో అడిగిన ప్రశ్నకు బదులు చెప్పలేక తడబడుట చూచి నవ్వెను. (ఈ వ్యాసము వ్రాయబడుచున్న భాష యమసభకు దగ్గఱగ నున్నదని యువమిత్రులు ఆక్షేపింపవచ్చును. అంగీకరించుచున్నాను.) ఇచట మెచ్చవలసినది సత్యనారాయణగారి నటన. ఆయన యముని వెక్కిరింపలేదు. పౌరాణికచిత్రములో ఎంత గాంభీర్యముతో పలుకునో ఇందును అంతే గాంభీర్యముతో పలికెను. తన్ను చూచి జనులు నవ్వుచున్నారని యమునకు తెలియదు. ఆ తెలియమిని ఆద్యంతము నిలుపుకొనుట సామాన్యుడగు హాస్యనటునికి శక్యము కాదు.

1977 అను సంవత్సరమును గూర్చి ఒక మాట. 1975 జూనున ప్రకటింపబడిన అత్యవసరపరిస్థితి 1977 మార్చిలో తొలగినది. ఆ యేటనే 'దానవీరశూరకర్ణ', 'అడవిరాముడు' వచ్చినవి. నోరు మూసుకొని యున్న జనులు నోరు విప్పిన సంవత్సరమున, సింహాసనమును ప్రశ్నించు నాయకుడు తెరపై కనబడెను. ఆదరణమునకు ఇది కొంత కారణమనుట యుక్తమే. కాని 1982 మార్చిలో రామారావుగారు తెలుగుదేశము పార్టీని స్థాపించిన పిమ్మట, కొందఱు వెనుకకు తిరిగి 'యమగోల'ను రాజకీయప్రస్థానమునకు నాందిగ చదువ నారంభించిరి. ఇది కృతిని చదువుట కాదు, చరిత్రను కృతిమీద పులుముట. అదే నటుడు 1960లోనే యమలోకములో అల్లరి చేసెనని వారు మఱచుచున్నారు. అయినను గ్రహణచరిత్రలో ఇట్టి పఠనములకును స్థానము కలదు. నేటి ప్రేక్షకుడు ఆ దృశ్యములను 1977 నాటి కన్నులతో చూడలేడు. ముఖ్యమంత్రియైన రామారావు ఆతని చూపునకు అడ్డము వచ్చును. పరిశోధకుడు ఈ రెండు చూపులను వేఱుచేసి చూపవలెను.

వర్తకులు గ్రహించిన తీరు తప్పని మొదట చెప్పితిని. వారికి కనబడినది వేషము: కిరీటము, గద, మహిషము, చిత్రగుప్తుని దస్త్రము, రంభాదుల నాట్యము. నా దృష్టిలో చిత్రమును ఆడించినది వాదము. ఈ భేదమునకు తరువాతి చిత్రములే సాక్ష్యము.

'యముడికి మొగుడు' రవిరాజా పినిశెట్టి దర్శకత్వమున, చిరంజీవి నాయకుడుగ వచ్చినది. ఇందు యమభటుల పొరపాటు కథకు మూలము. అకాలమున తేబడిన నాయకుడు ఆ పొరపాటును పట్టుకొని నిలదీయును. తుదకు తనను పోలిన వేఱొకని శరీరమున ప్రవేశించును. 1941 నాటి 'హియర్ కమ్స్ మిస్టర్ జోర్డాన్' అను ఆంగ్లచిత్రపు పద్ధతి ఇందు స్పష్టముగ కనబడుచున్నది. వాదము కొంత మిగిలినది, కాని ధర్మప్రశ్న పోయి కార్యాలయదోషము నిలిచినది. గుమాస్తా తప్పునకు పై అధికారి సర్దుబాటు చేసినట్లు. చిత్రము బాగుగ ఆడినది. 1990లో రజనీకాంత్ నాయకుడుగ తమిళములోనికి పోయినది.

'యమలీల' విషయము వేఱు. ఎస్.వి. కృష్ణారెడ్డిగారు ఇందు నాయకపాత్రను ఆలీకి, అనగా హాస్యనటునికి, ఇచ్చిరి. తారాబలము లేని చిత్రము ఆడుటచే దీని సాక్ష్యమునకు విలువ యెక్కువ. అభిమానసంఘములు నిలువబెట్టిన చిత్రము కాదిది. యమలోకము నుండి భవిష్యవాణి గ్రంథము జారి భూమిపై పడుట, దానిని చదివిన నాయకునకు తల్లి మరణము తెలియుట, గ్రంథము కొఱకు యమచిత్రగుప్తులు భూమికి వచ్చుట - ఇది బీజము. సత్యనారాయణగారే యముడు, బ్రహ్మానందము చిత్రగుప్తుడు. ఇచట నాయకుడు యముని తీర్పును తర్కించుట లేదు. తీర్పును ముందుగ చదివినవాడై వడకుచున్నాడు. వాదము పోయి వేదన వచ్చినది. యముడు కరుణమునకు అధిదేవత యను భరతుని మాటకు ఈ చిత్రము తెలియకయే తిరిగి చేరినది. నవ్వుచున్న ప్రేక్షకుడు తల్లి ప్రసక్తి రాగానే నిశ్శబ్దుడగును. నా యభిప్రాయమున 'యమగోల' తరువాత ఈ కోవలో స్వతంత్రమైన ఊహ గల చిత్ర మిదియే. మఱుసటి సంవత్సరమున, 1995లో, ఇది హిందీలో 'తక్దీర్ వాలా'గను, తమిళమున 'లక్కీ మాన్'గను తీయబడినది.

2014లో 'యమలీల 2' వచ్చినది. దర్శకుడు కృష్ణారెడ్డిగారే. పేరదియే. యముడుగ మోహన్‌బాబుగారు, చిత్రగుప్తుడుగ మరల బ్రహ్మానందము. కిరీటమునకు లోపము లేదు, గదకు లోపము లేదు. చిత్రము ఆడలేదు. వేషమే విజయహేతు వైనచో ఇది ఆడవలసియుండెను.

నా వాదమునకు ప్రతికూలమైన సాక్ష్యమును దాచరాదు. 1990 మే 9న విడుదలయైన 'జగదేకవీరుడు అతిలోకసుందరి' దివ్యలోకమునకు సంబంధించినదే. కె. రాఘవేంద్రరావుగారి దర్శకత్వము, జంధ్యాలగారి సంభాషణలు, ఇళయరాజా సంగీతము, చిరంజీవి, శ్రీదేవి. ఆ దినముననే ఘోరమైన తుపాను కోస్తాతీరమును తాకినది. రాకపోకలు నిలిచినవి, ఊళ్లు నీట మునిగినవి. అట్టి ప్రారంభము నుండి లేచి ఆ చిత్రము పొందిన విజయము సుప్రసిద్ధము. ముప్పదియైదు సంవత్సరములు నిండిన దినమున, 2025 మే 9న, మరల శాలలలో విడుదలయైనది. ఇందు వాదము లేదు. ఉంగరము పోగొట్టుకొన్న ఇంద్రకుమార్తె దానికై భూమికి వచ్చుటయు, అనాథబాలలను సాకు ఒక సామాన్యుడు దానిని ధరించియుండుటయు కథ. దీని ఆదరణమునకు కారణములను పాటలలోను, శ్రీదేవి నటనలో దేవకన్యకు గల ఆశ్చర్యభావములోను వెదుకవలెను. ఇది యమకథల శాఖ కాదు. దివ్యాంగన మానవుని యింటికి వచ్చు కథల శాఖ. దాని మూలములు వేఱు. నేను చెప్పిన సూత్రము యమకథలకు మాత్రమే వర్తించును. దానిని అద్భుతహాస్యచిత్రముల కన్నింటికిని చుట్టబెట్టుట పొసగదు.

2007 సంవత్సరము ఈ పరిశీలనకు మిక్కిలి ఉపకరించునది. ఆ యేట రెండు యమచిత్రములు వచ్చినవి. రెండును 1977 నాటి చిత్రమునకు వారసులమని చాటుకొన్నవి. 'యమగోల మళ్లీ మొదలైంది' పేరునే తీసికొన్నది. సత్యనారాయణగారిని యముడుగ తిరిగి తెచ్చినది. అందు వృద్ధుడైన యముడు పదవీవిరమణము చేయగా, ఆసనము తరువాతి తరమునకు వారసత్వముగ వచ్చును. ఎస్.ఎస్. రాజమౌళిగారి 'యమదొంగ' వేఱొక త్రోవ త్రొక్కినది. అందు భూలోకపు దొంగ యమపాశమును దొంగిలించి ఆసనమెక్కును. యమలోకములో ఎన్నికలు జరుగును. ధర్మాసనమున కూర్చుండుట కెవడు అర్హుడను మాండవ్యుని నాటి ప్రశ్న మరల సభకు వచ్చినది. మోహన్‌బాబుగారి యముడు గ్రాంథికమును ధారాళముగ పలికి, అడిగినదానికి బదులు లేక చిక్కుపడును. రెండింటిలో జనులు 'యమదొంగ'ను ఎన్నుకొనిరి. వారసత్వపు యమునికంటె ఎన్నికలలో నెగ్గిన యముడు ఎక్కువ ఆడెను. అయితే ఆ దొంగ పాత్రను ధరించినవాడు 'యమగోల' నాయకుని మనుమడగు జూనియర్ ఎన్.టి.ఆర్.; ఆ చిత్రములో తాతగారి రూపమును యంత్రసాధనములతో తెరపైకి తెచ్చిరి, 'యమగోల'లోని ఒక పాటను తిరిగి కట్టిరి. తెరపై ఎన్నిక జరుగుచుండగా, శాలలో కూర్చున్నవారు ఓటు వేసినది వాదమునకా, వంశమునకా?